రాత్రి సిట్టింగ్ వేయాలంటే ముందు ఓటింగ్ టైమ్ రాసుకోండి

ఒక చట్టసభ సచివాలయంలో, రోజువారీ కార్యక్రమాల పట్టిక తయారుచేసే సెక్షన్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. బిల్లు మీద చర్చ రాత్రి ఎన్నింటికి అయిపోతుందని ఎవరైనా అడిగితే, మొదటి రెండు మూడేళ్లు నేను చెప్పిన టైమ్ ఒక్కసారి కూడా నిజం కాలేదు. పది అంటే ఒంటి గంట అయ్యేది. సభ్యులు మాటలు సాగదీస్తున్నారని వాళ్లను తిట్టుకునేవాణ్ని. తర్వాత ఒక రాత్రి విసుగొచ్చి, గడియారం పక్కన పెట్టుకుని దేనికి ఎంత పట్టిందో కాగితం మీద రాశాను. ఉపన్యాసాలు అనుకున్నదానికంటే గంటన్నర మాత్రమే ఎక్కువయ్యాయి. మిగతా ఆలస్యమంతా ఓటింగ్‌లో ఉంది. నేను చర్చను మాత్రమే లెక్కేస్తున్నాను, చర్చ తర్వాత జరిగేదాన్ని అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు.

విప్ (తమ పార్టీ సభ్యులను ఓటింగ్‌కు హాజరుపరిచే నాయకుడు) ఆఫీసులోనో, సచివాలయంలోనో, మంత్రి పేషీలోనో కొత్తగా చేరి, "రేపు ఎంత రాత్రయినా సరే బిల్లు అయిపోవాలి" అనే మాట మొదటిసారి విన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దేశాన్ని బట్టి రూల్ నంబర్లు మారతాయి. పని మాత్రం దాదాపు ఒకటే.

అసలు రాత్రిదాకా కూర్చోవాలా?

ముందు రేపటి జాబితా తీసి, బిల్లుకు ముందు ఏమేం ఉన్నాయో చూడండి. నివేదికలు సభ ముందు పెట్టడం, ప్రకటనలు, ఇంకో చిన్న బిల్లు, ఎప్పటినుంచో పెండింగ్‌లో ఉన్న ఒక తీర్మానం లాంటివి ఉంటాయి. వీటిలో ఎల్లుండికి నెట్టగలిగినవి నెట్టేస్తే చాలాసార్లు రెండు గంటలు దొరుకుతాయి. మధ్యాహ్న భోజన విరామం రద్దు చేస్తే ఇంకో గంట. సభ గంట ముందు మొదలుపెట్టడానికి అందరూ ఒప్పుకుంటే ఇంకో గంట. ఇలా నాలుగు గంటలు పగలే దొరికితే రాత్రి జోలికి పోనక్కర్లేదు.

ప్రశ్నోత్తరాల సమయాన్ని మాత్రం ముట్టుకోకండి. గంట కలిసొస్తుందని అందరికీ ముందు దాని మీదే కన్ను పడుతుంది. పొద్దున్నే ప్రశ్నలు అడగనివ్వలేదన్న కోపంతో ప్రతిపక్షం లోపలికొస్తే, మిగిల్చుకున్న గంటకు రెండింతలు గొడవలో పోతుంది. నేను చూసినంతలో ఇది లాభసాటి బేరం కాదు.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చర్చ ఎందుకు సాగుతోంది? మాట్లాడాల్సినవాళ్లు ఎక్కువమంది ఉన్నారా, లేక బిల్లును ఆపాలని ఎవరైనా కాలయాపన చేస్తున్నారా? మొదటిదైతే రాత్రి సిట్టింగ్ పనిచేస్తుంది. రెండోదైతే పనిచేయదు, ఎందుకంటే మీరు ఇచ్చే ప్రతి గంటా వాళ్లకు ఇంకో గంట ఆయుధం. 1881లో బ్రిటిష్ కామన్స్ సభలో ఐరిష్ సభ్యులు ఒక బిల్లును అడ్డుకోవడానికి సభను ఏకబిగిన 41 గంటలకు పైగా నడిపించారు. సోమవారం సాయంత్రం మొదలైంది బుధవారం పొద్దుటిదాకా సాగింది. చివరికి స్పీకర్ హెన్రీ బ్రాండ్ తన సొంత బాధ్యత మీద చర్చ ఆపేసి ప్రశ్నను ఓటుకు పెట్టారు. చర్చను ముగించే 'క్లోజర్' అనే నిబంధన మరుసటి ఏడాది, 1882లో వచ్చింది. 'గిలటిన్', అంటే ఫలానా టైమ్‌కు చర్చ ఎక్కడుంటే అక్కడ తెగ్గోసి ఓటింగ్‌కు వెళ్లడం, 1887లో మొదలైంది. 2016లో దక్షిణ కొరియాలో ఉగ్రవాద వ్యతిరేక బిల్లు మీద 38 మంది సభ్యులు వంతులవారీగా 192 గంటలు మాట్లాడారు. అన్ని రోజులు సభ తెరిచే ఉంది. అటువైపు ఉద్దేశం అదైతే మీకు కావాల్సింది కాలపరిమితి తీర్మానం. అది పెట్టాలా వద్దా అనేది రాజకీయ నిర్ణయం, మన టేబుల్ మీద తేలేది కాదు. మీరు చేయాల్సిందల్లా, "ఇది రాత్రి సిట్టింగ్‌తో తెగేది కాదండీ" అని ముందురోజే పైవాళ్ల చెవిన వేయడం.

వెనక నుంచి లెక్క

ఇక అసలు పని. ఒక తెల్లకాగితం తీసుకుని అట్టడుగున "బిల్లు ఆమోదం" అని రాయండి. అక్కడి నుంచి పైకి రండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సభ 11కు మొదలవుతుంది. ప్రశ్నలు, మామూలు తంతు అయ్యేసరికి పన్నెండున్నర. బిల్లుకు సభా వ్యవహారాల సలహా సంఘం 8 గంటలు ఇచ్చింది. నలభై క్లాజులు, అంటే బిల్లులోని విడి అంశాలు, నూట ఇరవై సవరణలు. కాగితం మీద చూస్తే రాత్రి ఎనిమిదిన్నరకు అయిపోవాలి. పత్రికలవాళ్లకు కూడా అదే టైమ్ చెబుతారు.

ఇప్పుడు నిజం లెక్క. గంట చర్చకు పది నిమిషాలు అంతరాయాలకు పోతాయి. నిబంధన తప్పిందంటూ లేవనెత్తే పాయింట్ ఆఫ్ ఆర్డర్, మధ్యలో లేచి ఇచ్చే వివరణ, "నా పేరు ప్రస్తావించారు కాబట్టి నాకు అవకాశం ఇవ్వాలి" అనే పట్టు, ఇలాంటివి. ఎనిమిది గంటలకు ఎనభై నిమిషాలు. అంటే 9.50. పార్టీల బలాన్ని బట్టి టైమ్ పంచాక చివర్లో చిన్న పార్టీలు, ఇండిపెండెంట్లు ఇరవై మంది మిగులుతారు, తలా మూడు నిమిషాలు. ఎవరూ అయిదుకు తక్కువ మాట్లాడరు. అక్కడ నలభై నిమిషాలు. 10.30. మంత్రి జవాబు నిజానికి ఆ ఎనిమిది గంటల్లోనే ఉండాలి, కానీ ఎవరూ దాన్ని అందులో కలపరు. ఇంకో గంట. 11.30.

ఇంతవరకు ఒక్క ఓటు కూడా పడలేదు.

సవరణల్లో పన్నెండింటికి డివిజన్, అంటే ఎటు ఎంతమందో లెక్కపెట్టే ఓటింగ్, అడిగారనుకోండి. లోక్‌సభలో డివిజన్ గంట మోగేదే మూడున్నర నిమిషాలు. తర్వాత తలుపులు మూయాలి, ప్రశ్న మళ్లీ చదవాలి, బటన్లు నొక్కాలి, మిషన్‌లో పడనివాళ్ల స్లిప్పులు తీసుకోవాలి, ఫలితం ప్రకటించాలి. తక్కువలో తక్కువ పది నిమిషాలు. సభ్యులు లేచి లాబీల్లోకి నడిచి వెళ్లి ఓటేసే కామన్స్ లాంటి సభల్లో ఒక్కోదానికి పావుగంట. మన ఉదాహరణలో పన్నెండు డివిజన్లకు రెండు గంటలు, అంటే 1.30. మిగిలిన సవరణలు, క్లాజులు మూజువాణి ఓటుతో, అంటే 'అవును', 'కాదు' అనే కేకలతోనే పోయినా ముప్పావుగంట. 2.15. చివరి మాటలు, బిల్లు మీద తుది డివిజన్ కలిపి ఇరవై అయిదు నిమిషాలు. రాత్రి 2.40.

ఎనిమిదిన్నర ఎక్కడ, రెండూ నలభై ఎక్కడ!

ఇది నేను ఊహించి అల్లిన ఉదాహరణే. కానీ నిజంగా ఇలాగే జరిగింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు లోక్‌సభలో 8 గంటలు కేటాయించారు. ఏప్రిల్ 2న మధ్యాహ్నం మొదలైన చర్చ, ఓటింగ్ ముగిసేసరికి తెల్లవారితే 3వ తేదీ అనగా రాత్రి దాదాపు 2 గంటలైంది. తుది ఓటు 288–232. మరుసటి రోజు రాజ్యసభలోనూ అదే కథ, 128–95తో నెగ్గేసరికి రెండు దాటింది.

అర్ధరాత్రికల్లా ముగించాలంటే అదే కాగితాన్ని కింది నుంచి పైకి చదవండి. పన్నెండుకు ఆమోదం కావాలంటే తుది ఘట్టం 11.35కు మొదలవ్వాలి. క్లాజుల ఓటింగ్‌కు రెండూ ముప్పావు గంటలు, అంటే మొదటి క్లాజు 8.50కి తీసుకోవాలి. మంత్రి 7.50కి లేవాలి. పన్నెండున్నర నుంచి 7.50 దాకా ఏడు గంటల ఇరవై నిమిషాలున్నా, అంతరాయాలు తీసేస్తే ఉపన్యాసాలకు మిగిలేది ఆరుంపావు గంటలే. సలహా సంఘం మీటింగ్‌కు ఈ ఆరుంపావు అంకె పట్టుకుని వెళ్లాలి. "ఎనిమిది గంటలు ఇస్తే రెండున్నర దాటుతుంది, ఆరుంపావు ఇస్తే పన్నెండుకు ఇళ్లకు వెళ్తాం" అని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, నాకు తెలిసి ఏ పార్టీ నాయకుడూ వాదించలేదు. ఎనిమిదే కావాలన్న సందర్భాలున్నాయి, కానీ అప్పుడు కళ్లు తెరుచుకునే ఒప్పుకున్నారు.

సవరణల కట్ట

రాత్రి పొడవును తేల్చేది ఉపన్యాసాలకంటే ఈ కట్టే. కెనడా కామన్స్‌లో 1999 డిసెంబరులో నిస్గా అనే ఆదివాసీ తెగతో ఒప్పందం బిల్లు మీద 471 ఓట్లు వరసగా పెట్టాల్సి వచ్చి 42 గంటలకు పైగా పట్టింది. భాగిస్తే ఓటుకు అయిదున్నర నిమిషాలు లోపే, అంటే చాలా చురుగ్గా చేసినట్టే. అయినా రెండు రాత్రుళ్లు పోయాయి. అక్కడే 2012 జూన్‌లో బడ్జెట్ అమలు బిల్లు మీద ఎనిమిది వందలకు పైగా సవరణలు వస్తే స్పీకర్ వాటిని గుంపులుగా కట్టి నూట యాభై చిల్లర ఓట్లకు కుదించారు. దానికీ ఇరవై రెండు గంటలు దాటింది. గుంపులు కట్టకపోతే ఏమయ్యేదో మీరే లెక్కేసుకోండి.

కాబట్టి సవరణలు అందిన సాయంత్రమే కూర్చుని మూడు కుప్పలు చేయండి. ఒకే మాటను వేర్వేరు పేర్లతో అడిగినవి ఒక కుప్ప. ఒకటి ఓడిపోతే వాటంతట అవే పడిపోయేవి ఇంకో కుప్ప. మిగిలినవి విడివిడిగా. తర్వాత ప్రతిపక్ష విప్‌ల దగ్గరికి వెళ్లి, "వీటిలో డివిజన్ అడిగేవి ఏవి?" అని నేరుగా అడగండి. చెప్పరనుకుంటారు గానీ, చెబుతారు. వాళ్ల సభ్యులనూ వాళ్లు అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టాలి కదా, ఎప్పుడు ఉండాలో వాళ్లకూ తెలియాలి. నాకు ఒక విప్ సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద ఏడు నంబర్లు రాసిచ్చాడు. రాత్రి సరిగ్గా ఆ ఏడింటికే డివిజన్ అడిగాడు. తర్వాత ఎన్నేళ్లయినా ఆయన మాట మీద నాకు అనుమానం రాలేదు.

ఆరు గంటలప్పుడు ఏమనాలి

మామూలుగా సభ ముగిసే టైమ్ ఒకటుంటుంది. లోక్‌సభలో సాయంత్రం 6. బ్రిటిష్ కామన్స్‌లో సోమవారాలు రాత్రి 10, మంగళ, బుధవారాలు 7. ఆ టైమ్ దాటి కూర్చోవాలంటే కొన్ని సభల్లో ముందే తీర్మానం పెట్టి నెగ్గించుకోవాలి. న్యూజిలాండ్‌లో 'అర్జెన్సీ' తీర్మానం నెగ్గితే సభ మామూలు టైమ్ దాటి అర్ధరాత్రి వరకు నడుస్తుంది, మళ్లీ పొద్దున తొమ్మిదికి కూర్చుంటుంది. భోజనాలకు మధ్యలో విరామం ఉంటుంది. నాకు ఆ పద్ధతి మర్యాదగా అనిపిస్తుంది, ఎందుకంటే హద్దు ముందే తెలుసు. మన దగ్గర సభాపతి కుర్చీలోంచి సభ అభిప్రాయం అడిగి పొడిగిస్తారు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఆరింటికి "ఇంకో గంట పొడిగిద్దామా" అంటారు. ఏడింటికి "ఇంకో గంట". ఎనిమిదింటికి మళ్లీ. ప్రతిసారీ అయిదు నిమిషాల అరుపులు, "ఇంకెంతసేపు?" అనే ప్రశ్న, ఒకరిద్దరు లేచి వెళ్లిపోవడం. ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో సభ్యుడికి తెలియదు, డ్రైవరుకు తెలియదు, రిపోర్టరుకు తెలియదు. అలా కాకుండా సభాపతికి మీరు రాసిచ్చే చీటీలో మొత్తం ఒకేసారి ఉండాలి: "ఈ బిల్లు ఆమోదం పొందేవరకు సభ కొనసాగుతుంది. మంత్రి 7.50కి జవాబిస్తారు. క్లాజుల ఓటింగ్ సుమారు 8.50కి మొదలవుతుంది. మధ్యలో భోజన విరామం లేదు, క్యాంటీన్ సభ ముగిసేవరకు తెరిచి ఉంటుంది." ఈ నాలుగు వాక్యాలు ఆరింటికి కాదు, వీలైతే మధ్యాహ్నం రెండింటికే చదివించండి. సభలో ఎక్కువమంది ఉన్నప్పుడు చెప్పిన మాటకు తర్వాత అభ్యంతరం రాదు.

బిల్లు తర్వాత ఇంకేం తగిలించారో కూడా ఆ చీటీలో ఉండాలి. వక్ఫ్ బిల్లు రాత్రి రెండు సభల్లోనూ బిల్లు అయిపోయాక మణిపుర్‌లో రాష్ట్రపతి పాలన తీర్మానం తీసుకున్నారు. రాజ్యసభ లేచేసరికి తెల్లవారుజామున 4 గంటల 2 నిమిషాలు, అంటే పొద్దున 11 నుంచి పదిహేడు గంటలు. అంత ముఖ్యమైన తీర్మానం తెల్లవారుజామున నిద్రకళ్ల ముందుకు రావడం నాకు నచ్చలేదు. పట్టిక వేసేవాడిగా నా దగ్గరికి అలాంటిది వస్తే, కనీసం పొద్దున ప్రశ్నోత్తరాల తర్వాత గంట తీసి పెట్టమని ఒక్క మాట అడిగేవాణ్ని. వింటారా లేదా అన్నది వేరే సంగతి.

తేదీ, చివరి రోజు

రాత్రి పన్నెండు దాటినంత మాత్రాన సభకు రోజు మారదు. సభ లేచేవరకు అదే రోజు సిట్టింగ్. 2005 మార్చిలో బ్రిటన్ లార్డ్స్ సభ ఉగ్రవాద నిరోధక బిల్లు మీద 30 గంటలకు పైగా కూర్చుంది. బయట శుక్రవారం సాయంత్రమైనా లోపల గురువారమే. కెనడాలో 2011 జూన్‌లో తపాలా ఉద్యోగుల బిల్లు మీద గురువారం మొదలైన సిట్టింగ్ శనివారం దాకా సాగింది, రికార్డుల్లో అది ఇంకా గురువారమే. వినడానికి తమాషాగా ఉన్నా మనకు ఇక్కడ పని ఉంది. రేపటికని ఇచ్చిన నోటీసులు, ప్రశ్నలు, రేపటి జాబితా, ఇవన్నీ సభ ఎప్పుడు లేస్తుందన్నదాని మీద ఆధారపడతాయి. బ్రిటిష్ కామన్స్‌లోనైతే సిట్టింగ్ మరుసటి రోజు మొదలయ్యే టైమ్ కూడా దాటిపోతే ఆ రోజు కార్యక్రమం మొత్తం పోయినట్టే. మీ సభ నిబంధనల్లో ఇది ఎలా ఉందో ముందురోజే చదివి పెట్టుకోండి. రాత్రి రెండింటికి రూల్ బుక్ తిరగేస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ అర్థం కాదు.

సెషన్ చివరి రోజైతే మాత్రం పరిస్థితి పూర్తిగా వేరు. 2011 డిసెంబర్ 29న రాజ్యసభలో లోక్‌పాల్ బిల్లు గుర్తుందా? శీతాకాల సమావేశాలను దాని కోసమే మూడు రోజులు పొడిగించారు. ఆ పొడిగింపులో చివరి రోజు అది. పగలంతా చర్చ జరిగింది. బల్ల మీద 187 సవరణలున్నాయి. పన్నెండు దగ్గరపడుతుంటే ఇంకా కూర్చోవచ్చా, పొడిగింపుకు ఎవరు ఒప్పుకోవాలి అని వాదన మొదలైంది, సభలో గందరగోళం. అర్ధరాత్రికి ఛైర్మన్ హమీద్ అన్సారీ సభను నిరవధికంగా వాయిదా వేశారు. ఓటు పడలేదు. ఆ బిల్లు పార్లమెంటు గడప దాటడానికి 2013 డిసెంబర్ దాకా పట్టింది. ఆ రాత్రి రాజకీయం ఏమిటో అందరూ రాశారు, దాని జోలికి నేను వెళ్లను. పట్టిక వేసేవాడి కళ్లతో చూస్తే మాత్రం, 187 సవరణలున్న బిల్లును చివరి రోజు పెట్టడంలోనే సగం జవాబు ఉంది. అందులో ఇరవై డివిజన్లకు పోయినా మూడు గంటలు పైనే. అంటే రాత్రి ఎనిమిదిన్నరకల్లా చర్చ ముగిసి ఉండాలి. పెద్ద బిల్లుకు చివరి రోజు ఇవ్వకండి. తప్పనిసరైతే పన్నెండు దాటి కూర్చునే ఒప్పందం పొద్దున్నే, అన్ని పక్షాల నాయకుల ముందు, కాగితం మీద ఉండాలి.

మనుషులు

ఉపన్యాసం ఇచ్చే సభ్యుడు ఇరవై నిమిషాలు మాట్లాడి లాబీలోకి వెళ్లిపోతాడు. సభలోంచి కదలడానికి వీల్లేనివాళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. సభలో మాట్లాడిందంతా రికార్డు కోసం రాసుకునే మా రిపోర్టర్లు అయిదేసి నిమిషాల వంతు రాసుకుని, వెళ్లి టైప్ చేసి, మళ్లీ వచ్చేవాళ్లు. పన్నెండు మంది ఉంటే గంటకు ఒకసారి వంతు వస్తుంది. అర్ధరాత్రి దాటాక ఆ అయిదు నిమిషాలు టైప్ చేయడానికి పట్టే టైమ్ పెరుగుతుంది, వంతు మాత్రం ఆగదు. అందుకే రెండు జట్లు కావాలి. రెండో జట్టును సాయంత్రం అయిదు దాకా రానివ్వకండి. పొద్దున్నే రప్పించి "రాత్రికి ఉండండి" అంటే అది రెండు జట్లు కాదు, అలసిపోయిన ఒకే జట్టు. అనువాదకులు ఇద్దరిద్దరు, అరగంటకోసారి మారతారు. అక్కడా అదే సూత్రం.

సభ నడవాలంటే ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య, అంటే కోరం, సంగతి విప్‌లు చూసుకుంటారు, కానీ అంకె మీ దగ్గరా ఉండాలి. లోక్‌సభకు పదో వంతు, అంటే 55 మంది. కెనడా కామన్స్‌కు 20 చాలు. రాత్రి పది నుంచి పదకొండు మధ్య సభ బాగా పలచబడుతుంది. పెద్ద నాయకులు మాట్లాడేశారు, ఓటింగ్ ఇంకా మొదలుకాలేదు. ఆ గంటకు పేర్లు రాసి మరీ డ్యూటీ వేయమని విప్‌లకు చెప్పండి. నాదో చిన్న అనుభవం: బిల్లులోని క్లాజుల మీద అసలైన మాటలు ఆ ఖాళీ గంటలోనే వినిపిస్తాయి. కెమెరాలు చూసేవాళ్లు ఉండరు కాబట్టి, వెనక బెంచీవాళ్లు బిల్లు చదువుకొచ్చిందే మాట్లాడతారు.

బయట వాహనాలు ఎన్ని ఉన్నాయో, అవి ఎవరిని ఎక్కడ దింపుతాయో సాయంత్రం ఆరింటికే జాబితా వేయండి. ముఖ్యంగా మహిళా సిబ్బందికి. బ్రిటిష్ కామన్స్‌లో సభ లేవగానే "ఇంటికి ఎవరెవరు?" అని ద్వారపాలకులు ఇప్పటికీ కేకేస్తారు. వెనకటికి దొంగల భయంతో సభ్యులు గుంపులుగా వెళ్లేవారట, ఆ కేక అప్పటిదని చెబుతారు. మన దగ్గర కేక అక్కర్లేదు, జాబితా చాలు.

ఆ నలభై ఆరో సవరణ

ఒక రాత్రి జరిగింది చెబుతాను. టైమ్ 1.20. క్లాజుల ఓటింగ్ గంట నుంచి నడుస్తోంది. సభాపతి కుర్చీలో, ఆయన లేనప్పుడు సభ నడిపే ప్యానెల్ సభ్యుడు ఉన్నారు. సవరణ నంబర్ చదువుతారు, "అనుకూలంగా ఉన్నవారు 'అవును' అనండి" అంటారు, ప్రతిపక్షం అరుస్తుంది. "వ్యతిరేకంగా ఉన్నవారు 'కాదు' అనండి", అధికారపక్షం ఇంకా గట్టిగా అరుస్తుంది. సవరణ వీగిపోయింది. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. పాట పాడినట్టు సాగిపోతోంది.

నలభై ఆరు వచ్చింది. అవును అంటే ఎవరూ పలకలేదు. కాదు అనగానే అధికారపక్షం మొత్తం ఒక్క గొంతుతో "కాదు" అంది. మంత్రి మొహం పాలిపోయింది. నలభై ఆరు ఆయన సవరణే! ప్రభుత్వం తన సొంత సవరణను తనే ఓడించబోయింది. సాయంత్రం ఏడింటికి సవరణల కొత్త జాబితా వచ్చింది, అందులో నంబర్లు మారాయి. కుర్చీలో ఉన్నాయన దగ్గర కొత్తది ఉంది, బెంచీల మీద సగంమంది దగ్గర పాతది. పాతదాంట్లో నలభై ఆరు ప్రతిపక్షానిది. నేను టేబుల్ దగ్గర కూర్చునే ఉన్నాను, రెండు జాబితాలూ నా ముందే ఉన్నాయి, నాకూ కనబడలేదు. ఫలితం ఇంకా ప్రకటించలేదు కాబట్టి ప్రశ్న మళ్లీ చదివించి బయటపడ్డాం. ఇంకో క్షణం గడిస్తే అది రికార్డుకెక్కేది.

ఆ రాత్రి తర్వాత మూడు పనులు మొదలుపెట్టాను, మీరూ చేయండి. చివరి జాబితా ఎప్పుడు వచ్చినా దాన్ని వేరే రంగు కాగితం మీద వేయించి, పాతవి బెంచీల మీద నుంచి మనిషిని పెట్టి ఏరించాలి. ప్రభుత్వ సవరణల పక్కన లావుపాటి నల్లగీత ఉండాలి, నిద్రకళ్లకు కూడా కనబడేంత. క్లాజుల ఓటింగ్ మొదలైనప్పటి నుంచి కుర్చీలో అసలు సభాపతే ఉండేలా డ్యూటీ చార్టు వేయాలి. ఉపన్యాసాలప్పుడు ప్యానెల్ వాళ్లను రెండేసి గంటలు కూర్చోబెట్టి ఆయనకు విశ్రాంతి ఇవ్వండి, ఓటింగ్ గంటకు ఆయన తాజాగా రావాలి. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది.

సభ లేచాక

బిల్లు నెగ్గింది, చప్పట్లు కొట్టారు, అందరూ వెళ్లిపోయారు. ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. నెగ్గిన సవరణలు ఎక్కించి, క్లాజు నంబర్లు సరిచేసి, "ఆమోదించిన బిల్లు" ప్రతిని రెండో సభకు పంపాలి. వక్ఫ్ బిల్లు లోక్‌సభలో తెల్లవారుజామున నెగ్గితే అదే రోజు మధ్యాహ్నం రాజ్యసభలో చర్చకు వచ్చేసింది. మధ్యలో ఉన్న ఆ కొద్ది గంటలూ ఎవరో మేల్కొని ప్రూఫులు దిద్దారన్నమాట.

ఆ పనికి రాత్రంతా సభలో కూర్చున్నవాళ్లను పెట్టకండి, నన్ను కూడా పెట్టొద్దని నేనే చెప్పేవాణ్ని. మా సెక్షన్‌లో ఇద్దరిని మధ్యాహ్నం మూడింటికే ఇంటికి పంపేసేవాళ్లం, తిని పడుకోమని. సభ లేచే ముందు, తుది డివిజన్ గంట మోగుతుండగా ల్యాండ్‌లైన్ నుంచి వాళ్లకు ఫోన్ చేసి బండి పంపేవాళ్లం. వాళ్లు వచ్చేసరికి టేబుల్ మీద రంగు కాగితం జాబితా, ఎర్ర పెన్ను, నేను సంతకం పెట్టిన ఫలితాల షీటు ఉండేవి. తాళాలు వాళ్ల చేతికిచ్చి నేను మెట్లు దిగేవాణ్ని.